మొదటి పేజీ తరువాయి

నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం అప్పటికే సగం చెరిగిపోయింది. ఫొటోలు తీసినవాళ్ళు, కొలతలు వేసినవాళ్ళు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు అందరూ దాని మీదుగానే నడిచారు. తల మిగిలింది, ఒక చెయ్యి మిగిలింది. ఆ గీతల మధ్య పడి ఉన్నవాడు మా అన్నయ్య.

నాకేమీ అనిపించలేదు. శవాన్ని గుర్తుపట్టమన్నప్పుడూ అనిపించలేదు, వదిన నా భుజం మీద తల ఆనించి ఏడ్చినప్పుడూ అనిపించలేదు. పన్ను పీకే ముందు మత్తుసూది వేస్తే దవడ ఎవరిదో అయినట్టు ఉంటుంది చూడండి, మూడు రోజులుగా ఒళ్ళంతా అలాగే ఉంది. తింటున్నాను, నిద్రపోతున్నాను, అడిగినవాళ్ళకి జవాబు చెబుతున్నాను. ఇంకెవరి కేసో చూడ్డానికి వచ్చినట్టే నగర పత్రాల భవనానికి వచ్చాను. పాత పత్రికలు, పాత భవనాల ఫొటోలు, నక్షాలు అన్నీ భద్రపరిచే చోటు ఇది. అన్నయ్య పాతికేళ్ళుగా ఇక్కడ పత్రికల విభాగం చూసుకునేవాడు.

"వచ్చావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, స్టూలు మీంచి లేవకుండానే.

డిపార్ట్‌మెంటులో ఇతన్ని ఫుల్‌స్టాప్ అంటారు. ఏ కేసు చేతికిచ్చినా ముందు చివర చుక్క పెట్టేసి, అక్కణ్ణుంచి వెనక్కి రాసుకుంటూ వస్తాడు. శిక్షణలో ఇద్దరిదీ ఒకే గది. నేను ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాక మేమిద్దరం ఉప్పూ నిప్పూ అయ్యాం.

"నాలుగింటికి రిపోర్టు మీద సంతకం పెడతాను. ఈలోగా చూసుకునేదేదో చూసుకో. మీ అన్న కాబట్టి రానిచ్చాను. నువ్వేదో పెద్ద డిటెక్టివ్వని కాదు."

"రిపోర్టులో ఏం రాశావ్?"

"ఆఫీసు మూసే వేళకి అందరూ వెళ్ళిపోయారు, ఇతను ఉండిపోయాడు. నిచ్చెనెక్కి ఈ పాత పత్రికల బైండు దించబోయాడు. కాలు జారింది. తల వెనక దెబ్బ. జేబులో సన్న బ్లేడు దొరికింది. చారిత్రాత్మకం, ఫలానా రోజు మొదటి పేజీ అంటూ బయట ఎగబడి కొనేవాళ్ళున్నారు. ఇంకా విడమరిచి చెప్పాలా?"

"దొంగతనానికి వెళ్ళి చచ్చాడంటావ్."

"నేనన్లేదు. బ్లేడంటోంది."

నాకు కోపం రావాలి. రాలేదు. వదిన మాత్రం పొద్దున గుమ్మం దాకా వచ్చి ఒక్కటే అడిగింది. "ఎలా పోయాడని నేనడగను చిన్నా. దొంగ అనిపించుకుని పోకూడదు. అది నువ్వే చూడాలి." సరేనన్నాను. ఆ ఒక్క మాట తప్ప ఈ పూట నన్ను నడిపిస్తున్నది ఇంకేమీ లేదు.

నిచ్చెన కేసి చూశాను. పైఅర దాదాపు కప్పుకి ఆనుకుని ఉంది. ఏడాదికో బైండు చొప్పున తోలు అట్టలతో కుట్టిన పత్రికలు పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ చిన్నసైజు తలుపంత. అన్నయ్య గుండెల మీద దొరికిన బైండు ఇప్పుడు బల్ల మీద ఉంది.

"ఇంత ఎత్తునించి ఇది కూడా పడిందా?"

"మనిషితోపాటే పడింది."

"అరవై ఏళ్ళ పత్రిక కాగితం అది. గట్టిగా తిప్పితేనే అంచులు రాలిపోతాయి. అక్కణ్ణుంచి పడితే పొడి అవ్వాలి. ఒక్క మూల కూడా విరగలేదే?"

ఫుల్‌స్టాప్ బైండు వంక చూసి, వాచీ చూసుకున్నాడు. "మీ అన్న మెత్తటి మనిషి. పరుపు మీద పడ్డట్టు పడుంటుంది."

శిక్షణలోనూ ఇతని జోకులు ఇలాగే ఉండేవి. నేను డైరెక్టరు గదికి వెళ్ళాను.

డైరెక్టరుగారు ఆజానుబాహువు. లేచి నిలబడితే వెనకున్న కిటికీ సగం మూసుకుపోయింది. ఏదో పాలనా విభాగం నుంచి రెండేళ్ళ కిందట ఇక్కడికి బదిలీ అయ్యారు. ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకునే మాట్లాడతారు.

"మీ అన్నగారంటే మాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేనండీ. కూర్చోండి. టీ తెప్పించనా?"

"వద్దు సార్. ఆ సాయంత్రం మీరు ఎన్నింటికి వెళ్ళారు?"

"అయిదుకి. ఆయన పని ఉందన్నారు, తాళం ఆయన దగ్గరే ఉంచుకోమన్నాను. నా బుద్ధి గడ్డి తిని."

"పత్రికల గదిలోకి వెళ్ళారా ఆ రోజు?"

"నేనా?" రుమాలు చూపించారు. "దుమ్మంటే నాకు పడదు. లోపలికెళ్ళి నెల దాటింది. మర్నాడు పొద్దున్న శవాన్ని చూసినప్పుడు కూడా గుమ్మం బయటే నిలబడిపోయాను. కావాలంటే ఇన్‌స్పెక్టరుగార్ని అడగండి."

"ఆ బైండే ఎందుకు దించాడంటారు?"

ఆయన నిట్టూర్చారు. రేపు పొద్దున్న నగర కమిటీ ముందు గడియారం మార్కెట్టు విచారణ ఉంది. ఆ భవనం కట్టించిన జమీందారుగారి మనవడు అది తన సొంతమంటున్నాడు, పడగొట్టి అంతస్తులు లేపుతానంటున్నాడు. లోపల కొట్లు పెట్టుకున్నవాళ్ళేమో, ప్రారంభం రోజునే తాతగారు దాన్ని ఊరికి రాసిచ్చేశారని వాదిస్తున్నారు. కాగితాలు ఎవరి దగ్గరా లేవు. ఉంటే గింటే ఆనాటి పత్రికలో వార్త ఉండాలి. ఆ పత్రిక మూతపడి చాలా ఏళ్ళయింది, ఊళ్ళో మిగిలిన ప్రతి ఇదొక్కటే.

"రేపు ఆ బైండు నేనే కమిటీకి పట్టుకెళ్ళాలి," అన్నారు డైరెక్టరు. "మీ అన్నగారు ఈలోగా... అనకూడదు గానీ, ఎవరో ఆశపెట్టి ఉంటారు."

మనిషి నోరు విప్పించాలంటే ముందు మనం ఏదో ఒకటి వదలాలి. ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న విద్య అది. బుర్ర మొద్దుబారి ఉంది కనుక నోటికి మొదట వచ్చిందే వదిలాను.

"మా అన్నయ్యకి ఆ మార్కెట్టంటే పిచ్చి సార్. పోయిన వారమే దాని ఫొటో ఒకటి పెద్ద ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చాడట. ఎంత పెద్దదంటే గుమ్మంలో అడ్డం తిప్పితే గానీ లోపలికి రాలేదట. విచారణ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాట్ట. మా వదిన నవ్వి, ఇది ఫొటోవా పెళ్ళికూతురా అని అడిగిందట."

ఆయన కూడా నవ్వారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పాపం. ఇంట్లో ఆవిడకి తోడెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. మధ్యాహ్నం కాస్త పడుకుంటానంది."

"వెళ్ళి పలకరించాలి. ఆఫీసు తరఫున అది కనీస ధర్మం." లేచి నిలబడ్డారు. "నాకు కమిటీవాళ్ళతో పనుంది. మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోండి."

నేను దండం పెట్టి బయటికి వచ్చాను.

పత్రికల గది గుమ్మం దగ్గర బైండింగు చేసే అక్క నిలబడి ఉంది. అన్నయ్యతో కలిసి ఇరవై ఏళ్ళు పనిచేసింది. సూదులు గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు, ఎప్పుడూ చిరాగ్గా ఉండే మొహం. నేను బూట్లతోనే లోపలికి అడుగు పెట్టబోతే అడ్డంగా చెయ్యి పెట్టింది.

"పోలీసులెలాగూ తొక్కి నాశనం చేశారు. నువ్వైనా విప్పి రా."

ఇక్కడి పద్ధతి అది. వీధి ఇసక లోపలికి పోతే కాగితాన్ని గీరేస్తుందని చెప్పులు బయట విడిచి, బైండింగులో మిగిలిన గుడ్డతో అక్క కుట్టిన మెత్తటి జోళ్ళు తొడుక్కుంటారు. గోడకి చిన్న అరలో వరసగా ఉన్నాయి. తెల్లటివి, ఉతికినవి. రెండు జతలు మాత్రం తెల్లగా లేవు.

"ఇవి ఎప్పుడు ఉతికారు అక్కా?"

"మీ అన్నయ్య పోయిన రోజు పొద్దున. మధ్యాహ్నం ఆరాక నేనే సర్దాను. ఆ తర్వాత గదికి సీలు వేశారు, ఎవరూ తొడుక్కోలా. పోలీసులకి ఇవన్నీ ఎక్కడ పట్టాయి."

ఒక జత అన్నయ్యది, శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు కాళ్ళ నుంచి తీసి పోలీసులు ఇక్కడ పడేశారట. రెండోది పడవలంత ఉంది. తిరగేశాను. అడుగున ఎర్రటి పొడి, ఇటుక రంగుది. వేలితో రాస్తే వేలికి అంటుకుంది.

"తోలు పొడి," అంది అక్క. "పాత తోలు అట్టలు అలా రాలతాయి. ఆ పైఅర బైండ్లు దించితే బట్టలకి కూడా అంటుకుంటుంది, ఓ పట్టాన వదలదు."

"ఇంత పెద్దవి ఎవరివి?"

అక్క జవాబు చెప్పడానికి ముందు వెనక్కి తిరిగి చూసింది. "డైరెక్టరుగారివి. ఉన్నవేవీ ఆయన కాళ్ళకి పట్టక విడిగా కుట్టిచ్చాను. గుడ్డ దండగ, ఆయన లోపలికి రానే రాడు."

"పైనించి బైండు దించాలంటే ఒక్కడివల్ల అవుతుందా?"

"నీకు మతి గాని పోయిందా? ఒకళ్ళు పైన, ఒకళ్ళు కింద. పైనవాళ్ళు అందిస్తే కిందవాళ్ళు రెండు చేతులా అందుకోవాలి. నేను చేరిన మొదటి రోజు మీ అన్నయ్య నాకు నేర్పిన మొదటి ముక్క అదే. నేను సెలవులో ఉంటే దించాల్సిన బైండు దించకుండా కూర్చునేవాడు గానీ ఒంటరిగా నిచ్చెనెక్కేవాడు కాదు."

కాబట్టి ఆ సాయంత్రం ఇద్దరున్నారు. అన్నయ్య పైన, ఇంకొకరు కింద. లేదా ఇంకొకరు పైన, అన్నయ్య కింద నిలబడి రెండు చేతులూ చాచి. ఆ పెద్ద జోళ్ళు చేత్తో పట్టుకునే బల్ల దగ్గరికి నడిచాను.

బైండు తెరిచాం. మార్కెట్టు ప్రారంభమైన మర్నాటి పత్రిక దొరికింది. మొదటి పేజీలో కొత్త భవనం ఫొటో, గడియారం స్తంభం, జెండాలు. కింద వార్త: ఈ సాయంత్రం బహిరంగ సభ జరగనున్నది. అంతే. రాసివ్వడం గురించి ఒక్క ముక్క లేదు.

"చూశావా?" ఫుల్‌స్టాప్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "దానమూ లేదు, ధర్మమూ లేదు."

"మర్నాటి పత్రికలో 'జరగనున్నది' అని ఎందుకుంది?"

అతను వంగి చూశాడు.

తేదీ పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఒకటుంది. ముందు రోజు పత్రిక తిప్పాను, అక్కడ రెండు నక్షత్రాలు. తర్వాతి రోజుదీ రెండే. చిన్నప్పుడు మంచాల మీద పడుకుని అన్నయ్య ఈ గుర్తుల కథలు చెబుతుంటే నిద్ర వస్తోందని దుప్పటి కప్పేసుకునేవాణ్ణి. ఒక నక్షత్రమంటే బయట ఊళ్ళకి సాయంత్రం రైలుకి పంపే ఎడిషన్. రెండంటే రాత్రంతా వార్తలు చేర్చుకుని తెల్లవారాక నగరంలో అమ్మేది. ఈ బైండంతా నగరం ఎడిషనే. ఈ ఒక్క పేజీ ఊళ్ళది. సభ జరగక ముందు అచ్చయిన పేజీ.

"కాగితం అసలుదే, అచ్చూ అసలుదే, కాలమూ అదే," అన్నాను. "పేజీ మాత్రం వేరే. ఎవరో మార్చారు."

ఎనిమిదో పేజీకి తిప్పాను. మొదటి పేజీ, చివరి పేజీ ఒకే పెద్ద కాగితానికి రెండు సగాలు. ఇక్కడ మడత దగ్గర మొదటి సగం కోసేసి, రెండు వేళ్ళ వెడల్పు అంచు వదిలి, దానికి కొత్త పేజీ అతికించారు. చివరి పేజీని ముట్టుకోలేదు. అందులో అయిదో కాలమ్ పైన అచ్చయి ఉంది: మొదటి పేజీ తరువాయి. "...అనగానే సభికులు చాలాసేపు చప్పట్లు కొట్టిరి. ఈ క్షణము నుండి ఇది పౌరుల ఆస్తియేననియు, తన వారసులెవ్వరికిని హక్కు లేదనియు ఆయన మరల చెప్పిరి."

తల లేని వార్త. ఆయనెవరో, ఏది పౌరుల ఆస్తో చెప్పే సగం ఇక్కడ లేదు.

ఫుల్‌స్టాప్ ఈల వేశాడు. "అయితే మరీ మంచిది. నేను అనుకున్నది చిల్లర దొంగతనం. ఇది పెద్దది. మీ అన్న ఆ జమీందారు మనవడికి అమ్ముడుపోయి పేజీ మార్చాడు. జేబులో బ్లేడు. ఇంకేం కావాలి నీకు?"

"బ్లేడు నా జేబులోనూ ఉంది," అంది అక్క, తీసి చూపిస్తూ. "నన్నూ తీసుకుపో."

"అతికించింది ఎవరు అక్కా? చూస్తే తెలుస్తుందా?"

ఆమె అతుకు మీద వేలు ఆనించి అంచు పొడుగునా జరిపింది. తర్వాత చెప్పింది, చెప్పాలని లేనట్టు. "మీ అన్నయ్యే. అంచు ఇంత సమంగా ఇంకెవరికీ రాదు."

ఫుల్‌స్టాప్ రిపోర్టు బల్ల మీద పెట్టి పెన్ను మూత తీశాడు. గెలిచినందుకు సంతోషంగా కూడా లేడు, పని అయిపోతోందన్న తృప్తి అంతే. వదిన మొహం గుర్తొచ్చింది. ఏం చెప్పాలి? అడిగిన ఒక్కటీ కాకుండా పోయిందని చెప్పాలా?

"ఏ జిగురు అది?" అన్నాను.

"మైదా."

"ఇక్కడ గమ్ముంది, టేపుంది. మైదా ఎందుకు వాడాడు?"

అక్క నా మొహంలోకి చూసింది. ఆమె కళ్ళు ఒక్కసారిగా నిండిపోయాయి. పక్క గదికి వెళ్ళి తడి బ్లాటింగు కాగితం తెచ్చి అతుకు మీద పరిచింది. ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి ఆమె రెండు వేళ్ళతో పేజీ అంచు పట్టుకుని లేపింది. ఊళ్ళ ఎడిషన్ పేజీ చిన్న చిరుగు లేకుండా విడిగా వచ్చేసింది. కింద పాత అంచు నిన్న కోసినంత శుభ్రంగా ఉంది.

"మళ్ళీ తియ్యాల్సినదాన్నే మేం మైదాతో అతికిస్తాం," అంది. "గమ్ము పెడితే జన్మకి రాదు."

"విన్నావా?" అన్నాను ఫుల్‌స్టాప్‌తో. "అమ్ముకునేవాడు తిరిగి పెట్టడానికి వీలుగా అతికించడు. అమ్ముడుపోయినవాడు ఎనిమిదో పేజీ మర్చిపోడు, అందులోనూ మా అన్నయ్య. ఎవరో ఈ పేజీ కోసం వస్తారని ముందే పసిగట్టాడు. బయట ఊళ్ళ నుంచి ఎక్కడో ఈ పేజీ సంపాదించి పెట్టి, అసలుది తీసి దాచాడు. విచారణ రోజు తెచ్చి ఇక్కడే అతికించాలని అనుకున్నాడు."

"ఎవరు వస్తారని?"

ఎర్రపొడి అంటిన జోళ్ళు బల్ల మీద పెట్టాను. "ఆ రోజు పొద్దున ఉతికినవి. మధ్యాహ్నం దాకా తెల్లగా ఉన్నాయి. సాయంత్రం తర్వాత సీలు. మర్నాడు డైరెక్టరు గుమ్మం దాటాడా?"

"లేదు. నేనక్కడే ఉన్నా." అన్నాక తను ఏం ఒప్పుకున్నాడో అతనికి అర్థమైంది. "ఎవరైనా తొడుక్కోవచ్చు. పొడి సాక్ష్యం కాదు."

"కాదు. అందుకే ఆయన బట్టలు కూడా వెతికించు. జమీందారు మనవడి డబ్బు తిని, దానం వార్త ఈ పేజీలో ఉందని ముందే తెలుసుకుని వచ్చి ఉంటాడు. బైండు తెరిచాడు, కావలసిన పేజీ లేదు. అడిగాడు, అన్నయ్య చెప్పలేదు. తోసేశాక బైండు తెచ్చి గుండెల మీద పెట్టాడు, దొంగలా కనిపించాలని. పత్రికల మనిషి కాదు కాబట్టి ఎనిమిదో పేజీ చూడాలన్న ధ్యాస రాలేదు."

ఫుల్‌స్టాప్ పెన్ను కాగితం మీద ఆనించే ఉంచాడు. సంతకం చెయ్యలేదు. మూత పెట్టాడు. ఈ పదేళ్ళలో అతను మూత పెట్టడం నేను చూడ్డం ఇదే మొదలు.

"సరే, ఒప్పుకుందాం. అసలు పేజీ ఏది? అది లేకపోతే రేపు కమిటీ ముందు నీ మైదా జిగురు చూపిస్తావా?"

"ఎక్కడ దాస్తాడు..." అంటూ బల్ల మీదున్న పేజీ వంక చూశాను. మడవకుండా పెట్టాలి. మడిస్తే విరుగుతుంది. ఇంత పొడుగు, ఇంత వెడల్పు, పరిచినట్టే ఉండాలి, పైన ఏదైనా కప్పి ఉండాలి. గుమ్మంలో అడ్డం తిప్పితే గానీ రానంత...

విచారణ అయ్యేదాకా ముట్టుకోవద్దన్నాట్ట. ఆ మాట ఇందాక ఎవరితో అన్నానో, ఆ మనిషి రుమాలు ఎలా మడిచి జేబులో పెట్టుకున్నాడో, ఇంట్లో ఎవరూ లేరని కూడా నేనే ఎలా చెప్పానో, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఫోను తీశాను. వదిన నంబరు నొక్కాను. రెండోసారికి కలిసింది.

"చిన్నా, నువ్వేనా? ఎప్పుడొస్తావ్?" గొంతు నిద్రలోంచి లేచినట్టుంది. "మీ అన్నయ్య వాళ్ళ డైరెక్టరుగారొచ్చారు. ఎంత మంచి మనిషో. మీ అన్నయ్య జ్ఞాపకంగా ఆఫీసులో పెడతామని ఆ మార్కెట్టు ఫొటో అడుగుతున్నారు. ముట్టుకోవద్దన్నాడండీ అంటే, ఇప్పుడు ఆయనే లేరు కదమ్మా అన్నారు."

"వదినా, విను. నువ్వు వెంటనే బయటికి..."

"ఉండవయ్యా, ఆయన పిలుస్తున్నారు. బల్లెక్కి దించుతున్నారు. బరువుగా ఉందిట, ఒక్కడివల్ల కాదుట. కింద నిలబడి రెండు చేతులా అందుకోమంటున్నారు. ఒక్క నిమిషం, ఫోను పక్కన పెడతాను."

"వదినా! కింద నిలబడొద్దు!"

ఫుల్‌స్టాప్ అప్పటికే జీపు తాళాలు తీసుకుని గుమ్మం వైపు పరిగెత్తుతున్నాడు. ఫోనులో బల్ల కిర్రుమనడం వినిపించింది, వదిన "వస్తున్నానండీ" అనడం వినిపించింది. నా మొహమంతా తడిగా ఉంది, అరుస్తూనే ఉన్నాను. ఆవిడ అడుగులు ఫోను నుంచి దూరంగా వెళ్ళిపోతున్నాయి.